ఓర్ఫా చూపు

ఎంతసేపు తిరిగినా ఒక్క తాబేలూ కనబడలేదు.

ఓర్ఫా తలెత్తలేకపోయింది. వెనక చర్చి ఆడవాళ్ళంతా బురదలో బూట్లు ఈడ్చుకుంటూ వస్తున్నారు. వీళ్ళని ఎందుకు పిలిచానా అనిపించింది.

టెన్నెసీ కొండల్లో ఆ అడవి ఆమెకు కొట్టిన పిండి. తలా కాళ్ళూ లోపలికి లాక్కుని, డొప్పను పెట్టెలా మూసేసుకునే తాబేళ్ళవి. కళ్ళు ఎర్రగా ఉంటే మగది, గోధుమరంగైతే ఆడది. డొప్ప మీది పసుపు మచ్చలు చూసి ఒక్కోదాన్నీ పేరు పెట్టి పిలిచేది. వాన వెలిసిన పొద్దున ఏది ఏ దుంగ కింద ఉంటుందో కూడా చెప్పేది.

"తాబేళ్ళు చుట్టాలింటికి వెళ్ళాయేమో ఓర్ఫా!" అంది ఐడెల్లా. అందరూ నవ్వారు.

"పాపం, కళ్ళద్దాలు మార్పించుకోవే," అంది ఇంకొకామె. ఆ జాలి నవ్వుకంటే ఎక్కువ మండింది.

ఇంటికొచ్చాక మేనల్లుడు ఆర్లిన్ మొక్కజొన్న రొట్టె తుంచుకుంటూ ఓదార్చాడు.

"వయసు, అత్తా. నిన్న నేను వెళితే ఎన్ని కనబడ్డాయనీ! నీ పక్కనుంచే పోయుంటాయి."

ఓర్ఫాకు తల కొట్టేసినట్టయింది. "ఇంక నేను అడవికి రాను. నువ్వే చూసుకో నాయనా."

"అలాగేలే. అన్నట్టు సాక్సులు అయిపోయాయి, ఇంకొన్ని అల్లిపెట్టవూ? అడవిలో ఊరికే తడిసిపోతున్నాయి."

"నీవి కాళ్ళా, జెర్రి కాళ్ళా? మొన్ననేగా అన్ని జతలు ఇచ్చాను!" అంటూనే నీలం ఊలు ఉండ ఒళ్ళోకి లాక్కుంది. అల్లడానికి చూపు అక్కర్లేదు, వేళ్ళు చాలు. ఇంకా ఒకందుకైనా పనికొస్తున్నానని కాస్త తృప్తి పడింది.

వారం తిరక్కుండా అటవీ అధికారి ఒకాయన అట్టపెట్టె పట్టుకుని వచ్చాడు.

"దేశం దాటిస్తుంటే దొరికాయమ్మా. మీ అడవి తాబేళ్ళో కాదో మీరైతే గుర్తుపడతారన్నారు."

ఓర్ఫా సిగ్గుతో ముడుచుకుపోయింది. "నాకు చూపు పోయింది బాబూ. మా ఆర్లిన్‌ని అడగండి. ఏది ఎక్కడ పడుకుంటుందో అన్నీ నేనే చూపించాను వాడికి."

ఆయన పెట్టె మూత తీశాడు.

లోపల వరసగా పేర్చిన నీలం ఊలు సాక్సుల్లో, ఒక్కోదాంట్లో ఒక్కో తాబేలు కుక్కి ఉంది.