అరచేతి బడి

“పలక బాగుందో లేదో చూడమంటే ఇంగ్లీషు రాస్తావేందే?”

మేస్త్రీ చెంచయ్య చేతిలోని పలకను మగ్దలీనమ్మ ముందు ఠప్పున పెట్టాడు. ఆమె తలెత్తలేదు. అతని చెప్పుల కిర్రు వాకిట్లో వినపడ్డప్పుడే తిట్లకు సిద్ధపడి ఉంది.

మార్కాపురం బయట ఆ పలకల షెడ్డులో, చట్రం బిగించిన ప్రతి పలకనూ పరీక్షించడం ఆమె పని. వేలి కణుపుతో కొట్టి, అరచేత్తో నిమిరి, బలపంతో ఒక గీత గీసి తుడిచేయాలి. ఉత్త గీత గీసి ఊరుకునే మనిషి కాదు ఆమె. వరస వంకరపోయినా సరే, ఒక మాట రాసేది. ఐ కెన్ కుక్. ఐ కెన్ స్వీప్. నేను వండగలను, ఊడవగలను.

అది కూతురు లీదియా మిషను బడిలో నేర్చుకున్న పాఠం. రోజుకు వందల పలకలు చేతుల మీదుగా పంపే మనిషి ఇంట్లో ఒక్క పలక లేదు, అదీ మన లోకం గొప్ప. అందుకని లీదియా ఏ రోజు పాఠం ఆ రోజు తల్లి అరచేతిలో వేలితో దిద్దేది. ఐ కెన్ అన్నాక ఏ పని పెట్టినా ఒదిగిపోతుందని తెలిసినప్పటి నుంచి తల్లికి ఎక్కడలేని హుషారు వచ్చింది. నీళ్లు తోడగలను, మేక పాలు పిండగలను, పాట పాడగలను. బలపం ఆగేది కాదు.

చెంచయ్య బాధ వేరే. ఆమె కూర్చునే పీట మీద అల్లుడు నాగులును కూర్చోబెట్టాలని అతని తాపత్రయం. మద్రాసు నుంచి పెద్ద ఆర్డరు వచ్చిందని ఆ రోజు యజమాని స్వయంగా షెడ్డుకు వచ్చాడు. సమయం దొరికింది కదా అని చెంచయ్య అందుకున్నాడు. ఇట్లాంటి మనిషి చూసి పంపిన సరుకని తెలిస్తే మద్రాసువాళ్లు నవ్వుతారన్నాడు. యజమానికీ అది నిజమేననిపించింది.

“నాగులు కూర్చుంటాడులే మగ్దలీనా. నిన్ను రాళ్లు తీసే గుంతలోకి ఎట్లాగూ దింపలేం. నువ్వు ఇంటికాడ ఉండు, నీ బిడ్డను రాళ్లు మోసేదానికి పంపు,” అన్నాడు, ఏదో మేలు చేస్తున్నట్టు.

మగ్దలీనమ్మకు ఒళ్లు మండింది. తన పీట పోతే పోనీ, లీదియా బడి పోవడమా?

“పోతానయ్యా. పోయే ముందు ఇద్దరికీ పరీక్ష పెట్టు. ఓడితే నేనే పీట దిగిపోతా.”

చెంచయ్య పకపకా నవ్వాడు. యజమానికి మాత్రం వేడుకగా తోచింది. పది పలకలు తెప్పించి, సన్నగా బీట పడిందని తనకు తెలిసిన పలక ఒకటి వాటిలో కలిపాడు. నాగులు ఒక్కొక్కదాన్నీ వెలుతురుకు పట్టి, అటూ ఇటూ తిప్పి, అన్నీ బాగున్నాయన్నాడు.

మగ్దలీనమ్మ వాటిని ఒడిలో పెట్టుకుని కణుపుతో కొడుతూ పోయింది. ఖంగు, ఖంగు. ఏడోదాని దగ్గర ఆగి మళ్లీ కొట్టింది. బొంగురు చప్పుడు.

“ఇది పనికిరాదు. వెంట్రుకంత బీట ఉంది.”

యజమాని దాన్ని గడపకేసి తట్టాడు. పలక రెండు ముక్కలైంది. నాగులు మామ మొహం చూశాడు, మామ నేల చూశాడు.

మగ్దలీనమ్మ ఇంకో పలక తీసుకుని, నిదానంగా రాసి యజమాని వైపు చాచింది.

“ఏం రాసినావు?”

“ఐ కెన్ సీ. నేను చూడగలను అని రాసినానయ్యా. రేపు కూడా నా బిడ్డ బడికే పోతుంది.”

యజమాని ఆ పలక అందుకున్నాడు. తర్వాత, పీట ఆమెదేనని చెంచయ్యతో చెప్పి వెళ్లిపోయాడు. సాయంత్రం లీదియా బడి నుంచి వచ్చి, తల్లి చెయ్యి తన భుజం మీద వేసుకుని ఇంటిదారి పట్టింది.

గుంతలో మందు పేలి మగ్దలీనమ్మ రెండు కళ్లూ పోయి అప్పటికి పదకొండేళ్లు.