ఆరింటి దాకా

"అధ్యక్షా! ఆవిడ బల్లకి ఆనుకుంది. నా కళ్ళతో చూశాను!" వెర్లన్ హాస్కెట్ కుర్చీలోంచి ఎగిరి లేచాడు.

"ఆనుకోలేదు అధ్యక్షా. బల్లే కాస్త నా వైపు జరిగింది" అంది ఓడెటా ప్రూయిట్.

సెనేట్ అంతా గొల్లున నవ్వింది. అధ్యక్షుడు మాత్రం నవ్వు ఆపుకుని, "రెండో తప్పు. మూడోది జరిగితే కూర్చోవాలి" అన్నాడు.

టైము నాలుగున్నర. ఆరింటికి ఆ ఏటి సమావేశాలు ముగిసిపోతాయి. అప్పటిదాకా ఓడెటా ఆపకుండా మాట్లాడగలిగితే వెర్లన్ బిల్లు ఓటింగుకే రాదు. వస్తే నెగ్గినట్టే. ముప్పై నలుగురిలో ఇరవై ఆరుగురు అతని వైపే. హెరాన్ రేవులో జనాన్ని ఉచితంగా నది దాటించే పంటును ఎత్తేయాలన్నది ఆ బిల్లు. పొద్దున పదింటి నుంచీ ఆమె నిలబడే ఉంది. కూర్చోకూడదు, ఆనుకోకూడదు, విషయం దాటకూడదు.

"ఇదేం అన్యాయమయ్యా! ఇరవై ఆరుగురం ఒకవైపు, ఒక్క నోరు ఒకవైపు" అని పళ్ళు నూరాడు వెర్లన్.

పక్క కుర్చీలో ఉన్న ట్రూమన్ గ్రబ్ ఓరగా చూశాడు. "మూడేళ్ళ కిందట నువ్వూ పదకొండు గంటలు మాట్లాడావుగా? ఇది ప్రజాస్వామ్యానికి ఊపిరి అన్నావు."

"అది వేరు."

"ఎలా వేరు?"

"అప్పుడు మాట్లాడింది నేను."

ఇంతలో ఓడెటా గొంతు సవరించుకుంది. "క్యాట్‌ఫిష్ ముక్కల్ని ముందు మజ్జిగలో నానబెట్టి, ఆ తర్వాత మొక్కజొన్న పిండిలో దొర్లించి..."

వెర్లన్ మళ్ళీ లేచాడు. "దొరికింది! ఇది బిల్లా, వంటా?"

"బిల్లేనండీ. పంటు ఆగే రేవులో ప్రతి శనివారం ఈ చేపలే వేయిస్తారు. పంటు పోతే రేవు పోతుంది, రేవు పోతే చేపలూ పోతాయి."

అధ్యక్షుడు గుటక వేశాడు. "సభ్యురాలు విషయంలోనే ఉన్నారు. కానివ్వండి. పిండిలో కారం ఎంత వెయ్యాలన్నారు?"

చేపల సంగతి అయ్యాక ఆమె ఒక ఉత్తరం తీసింది. రేవు పక్కన ఉండే ఒక పెద్దాయన రాసింది. "వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి అవతలి ఒడ్డుకి వెళ్ళాలి. పంటు మీద పది నిమిషాలు. అది లేకపోతే అరవై మైళ్ళు చుట్టు తిరగాలి. నాకు కారు లేదు."

ఎవరూ నవ్వలేదు. వెర్లన్ తన కాగితాలు సర్దుకున్నాడు. సర్దినవే మళ్ళీ సర్దాడు. ఆ తర్వాత ఆమె ఒకసారి తూలి నిలదొక్కుకుంది. వెర్లన్ అది చూశాడు. కానీ ఎందుకో లేవలేదు.

ఆరు కొట్టింది. అధ్యక్షుడి సుత్తి బల్ల మీద పడింది. పైన గ్యాలరీలో కూర్చుని చూస్తున్న జనం ఈలలు, చప్పట్లతో హోరెత్తించారు.

వెర్లన్ తన కుర్చీని తనే లాక్కుంటూ ఆమె దగ్గరికి వచ్చాడు. "కూర్చో తల్లీ. చూడలేకపోతున్నాను."

ఓడెటా కూలబడింది. "థాంక్సండీ. కోపం లేదు కదా?"

"నీ మీద లేదు, ఈ పద్ధతి మీద. ఒక్కరు లేచి గడియారం మింగేస్తే ఇంక ఓట్లెందుకు? నాకు ఇవాళ బుద్ధొచ్చింది. వచ్చే ఏడు నా మొదటి బిల్లు ఈ సాగదీత మాటల్ని ఎత్తేయడానికే. నువ్వూ సంతకం పెడతావా?"

ఓడెటా మోకాళ్ళు పట్టుకుని ఫక్కున నవ్వింది. "వచ్చే ఏడు దాకా ఎందుకండీ? ఆ బిల్లు ఈ ఏడే నేను పెట్టాను. నెగ్గేటన్ని ఓట్లూ కూడగట్టాను. ఇవాళ మీ బిల్లు తర్వాత రావాల్సింది అదే."