రాక్షసుడు చావనన్నాడు

తెర కట్టాం, కొయ్యబొమ్మల దారాలు సరిచూశాం, ఆట మొదలుపెట్టాం; ఇక రాక్షసుణ్ని చంపడమే మిగిలింది. పాలంపేటలో అది మా చివరి రోజు ఆట. జనం అప్పుడే లేస్తున్నారు. ఇలాగే ముగిస్తే వచ్చే ఏడు మమ్మల్ని పిలవరు.

నాయిన ఆడించే రాకుమారుడు కత్తి దూశాడు. అమ్మ మాత్రం తన చేతిలోని రాక్షసుణ్ని పడనివ్వలేదు.

"సస్తలేవేందే?" నాయిన గుసగుసగా అడిగాడు.

"ఒక్క దెబ్బకే సస్తే నేనేం రాచ్చసున్ని? నీ పిలగాడు జర భయపడాలె."

రాక్షసుడు తన్నాడు. రాకుమారుడు బోర్లా పడ్డాడు.

తెర అవతల మాటలు ఆగిపోయాయి. "లే బిడ్డా, లే," అంది ముందు కూర్చున్న ఒక అవ్వ. లేచినవాళ్లు మళ్లీ కూర్చున్నారు.

నాయిన రాకుమారుణ్ని లేపబోయి ఆగాడు.

"జర ఇంకోటి తన్నరాదే," అన్నాడు.

చివరికి రాకుమారుడే గెలిచాడు. ఊరు నాయిన మెడలో దండ వేసి, వచ్చే ఏడూ రమ్మంది. ఓడిపోవడానికి అంత పోరాడిన మా అమ్మ పోశవ్వను మీరైనా గుర్తుంచుకోండి.