మా పాప చెప్పింది

పలక మీద ఉడత కూర్చుని ఉంది.

గాజు పలక. యాభై ఏళ్ల కిందట పెద్ద టెలిస్కోపుతో తీసిన ఆకాశం ఫొటో. అప్పట్లో గాజు మీదే తీసేవాళ్లు. నెగటివ్ కాబట్టి ఆకాశం తెల్లగా, చుక్కలు నల్లగా ఉంటాయి. నడుమ పొగలా పరుచుకున్న మరక ఒక నిహారిక. ఆ మరక చుట్టూ, పలక వెనకవైపు, ఎవరో సిరాతో గీత గీశారు. కుచ్చు తోక, రెండు చెవులు, ముందుకాళ్ల మధ్య ఒక కాయ. కింద చీమల బారులా అక్షరాలు. “మా పాప చెప్పింది. ఉడత.”

ఆమె బ్లేడుతో గీత గీకింది. స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచింది. ఉడత పోయింది. చుక్కలు మిగిలాయి.

అదే ఆమె ఉద్యోగం. అబ్జర్వేటరీ నేలమాళిగలో ముప్ఫై వేల పలకలున్నాయి. అన్నింటినీ స్కాన్ చేసి కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నారు. అంతకుముందు వాటి మీద పాతకాలం శాస్త్రవేత్తలు రాసుకున్న సిరా గుర్తులు చెరిపెయ్యాలి. రోజుకి నలభై పలకలు. స్పిరిట్‌కి ఆమె బొటనవేళ్లు పగుళ్లిచ్చాయి.

ఉడత తర్వాత గుర్రం వచ్చింది. మర్నాడు గొడుగంత చెవుల ఏనుగు. అన్నీ ఒకే చేతిరాత. ఆమె చెరుపుకుంటూ పోయింది.

నాలుగోరోజు స్కానర్ దగ్గర పనిచేసే అమ్మాయి చూడనే చూసింది.

“అక్కా, ఆగాగు! ఇదేంటి, చేపకి రెండు తలకాయలు?”

“సిరా గీత.”

“గీతే! నీకు గుండె ఉండాల్సిన చోట దూది ఉన్నట్టుందే!” ఆ అమ్మాయి పలక లాక్కుని, కింద నుంచి వెలుగొచ్చే దీపం బల్ల మీద పెట్టింది. “మా పాప చెప్పిందట! ఎంత ముచ్చటగా ఉందో చూడు. తేదీ ఆదివారం. బడి లేని రోజు కూతుర్ని ఇక్కడికి తెచ్చుకునేవాడన్నమాట.”

ఆమె దూది మార్చుకుంది.

ఇద్దరూ కలిసి ఆ అరంతా వెతికితే ఇంకో పద్నాలుగు దొరికాయి. మెట్లెక్కుతున్న కోడి. బోర్లా పడ్డ తాబేలు. ఒక పిల్లి పక్కన ఇలా ఉంది: “నాన్నా, దానికి మీసాలు పెట్టు, అంది. పెట్టాను.” ఒకదాని మీద బొమ్మే లేదు. “మా పాపకి జ్వరం. ఇవాళ ఏమీ కనబడలేదు.”

అది చదివి ఆమె చేతులు కడుక్కోవడానికి వెళ్లింది. చాలాసేపు కడుక్కుంది. తిరిగొచ్చి డబ్బా విప్పి అన్నం తింది.

సంగతి సెక్షన్ హెడ్‌గారిదాకా వెళ్లింది. ఆయన కళ్లజోడు నుదుటి మీదకి తోసుకుని, ఒక్కో పలకనీ చూసి చిన్నపిల్లాడిలా నవ్వాడు. పైవాళ్లని అడిగేదాకా ముట్టుకోవద్దన్నాడు. మూడురోజుల తర్వాత ఒక పాత ఫైలు చంకన పెట్టుకుని దిగొచ్చాడు.

“ఒక్కటి ఉంచుకోనిచ్చారు. మిగతావి తుడిచెయ్యాల్సిందే. ఆ ఒక్కటీ ఈ బొమ్మలు గీసినాయన కూతురికిద్దాం. మనిషి పోయి ఇరవై ఏళ్లయిందట. ఫైల్లో ఒక్కతే కూతురని రాసుంది. ఆ కూతురి పేరున్న చోటు చెదలు తినేశాయిగానీ, వెతికితే దొరక్కపోదు.”

“ఆవిడకేం గుర్తుండదండీ,” అంది ఆమె.

“భలేవారే! తండ్రి ఒళ్లో కూర్చుని ఇన్ని చెప్పిన పిల్ల మర్చిపోతుందా? ఏది ఉంచాలో మీరే చెప్పండి. ఇన్నాళ్లూ వీటిని చేత్తో పట్టుకున్నది మీరు.”

ఆమె పలకలన్నీ దీపం బల్ల మీద వరసగా పేర్చింది. ఈ చివర నుంచి ఆ చివరకి చూసింది. మళ్లీ ఆ చివర నుంచి ఈ చివరకి.

“కోడి గీతల కింద పదకొండు చుక్కలు దాగున్నాయండీ. అవి లెక్కకి రావద్దూ?”

హెడ్‌గారు ఆమె మొహంలోకి చూశాడు. అక్కడ ఏమీ కనిపించలేదు. “మీ ఇష్టం,” అని ఫైలు అక్కడే పెట్టి మెట్లెక్కాడు.

ఆమె పని మొదలుపెట్టింది. కోడి. తాబేలు. చేప. స్కానర్ అమ్మాయి ముక్కు ఎగబీలుస్తూ ఒక్కోటీ అందుకుని మెషిన్లో పెట్టింది.

“ఒక్కటి వదిలితే నీ సొమ్మేం పోయేదక్కా?”

“మరక ఉంటే స్కాన్ సరిగ్గా రాదు.”

చివరికి పిల్లి మిగిలింది. మీసాలు ఇట్టే పోయాయి. “నాన్నా” అన్న మాట దగ్గర సిరా గట్టిగా అంటుకుపోయింది. బ్లేడు మార్చి రెండుసార్లు గీకాల్సొచ్చింది.

పలక కవరులో పెట్టింది. రిజిస్టర్లో పదిహేనని రాసి సంతకం చేసింది. సంచీ భుజాన వేసుకుని, ఫైలు వంక చూడకుండా దీపం ఆర్పింది.

ఆ ఫైల్లోని ఒక్కగానొక్క కూతురు ఆమే. ఆ బొమ్మలు చెప్పిన పాప మాత్రం ఆమె కాదు. నన్నూ తీసుకెళ్లమని ఎంత ఏడ్చినా, అక్కడికి పిల్లల్ని రానివ్వరమ్మా అని నాన్న చెప్పిన మాట నమ్మి, ఈ ఉద్యోగంలో చేరేదాకా ఆమె ఆ గడప తొక్కి ఎరగదు.