తడిసంచి

నెస్టా సంచి ఆ పొద్దున కూడా కారుతోంది.

ఇద్వల్ చెట్టు చాటున నక్కి చూస్తున్నాడు. ఫిబ్రవరి చలికి కాళ్ళు కొయ్యబారిపోయాయి. అయినా కదల్లేదు. గ్వెర్న్ ఏటికి అతను కాపలాదారు. జీతం లేని కాపలా. చేపల క్లబ్బు వాళ్ళు ఒక టోపీ, ఒక ఇత్తడి బిళ్ళ ఇచ్చారు, అంతే. ఆ రెండూ పెట్టుకుంటే మాత్రం మనిషి రెండంగుళాలు పెరుగుతాడు.

చలికాలంలో ఆ ఏట్లో గ్రేలింగ్ చేపను పట్టుకోవచ్చు, అదీ ఈకలతో కట్టిన ఉత్తుత్తి ఈగను గాలానికి తగిలించి. ట్రౌట్ చేపల జోలికి మాత్రం పోకూడదు, అవి గుడ్లు పెట్టే కాలమది. మార్చి మూడున ట్రౌట్ సీజను మొదలవుతుంది. ఊరంతా ఎదురుచూసేది ఆ రోజు కోసమే. కిందటేడు ఎండలకు ఏరు సగం ఎండిపోయి చాలా ట్రౌట్లు చచ్చిపోయాయి. మిగిలిన కాసినింటినీ కంటికి రెప్పలా కాచుకోవాలి.

అలాంటిది, డెబ్బై దాటిన నెస్టా రోజూ పొద్దున్నే ఏట్లో దిగుతోంది. ఇద్వల్ లేచి, టీ తాగి, బిళ్ళ పెట్టుకుని వచ్చేసరికే ఆమె నీళ్ళలో ఉంటుంది. గాలం విసరడం పేరుకే. నాలుగు విసుర్లు విసిరి, కర్ర ఒడ్డున పడేసి, ట్రౌట్లు గుడ్లు పెట్టే గులకరాళ్ళ చోటికే నడుస్తుంది. నడుం వంచి, మోచేతుల దాకా నీళ్ళలో ముంచి, రాళ్ళ మధ్య తడుముతుంది.

అదేమిటో ఇద్వల్‌కు ఒకరు చెప్పక్కర్లేదు. రాతి కింద దాక్కున్న ట్రౌట్ పొట్టను వేళ్ళతో మెల్లగా నిమిరితే అది మైమరచి చేతిలోకి వచ్చేస్తుంది. గాలం అక్కర్లేదు, చప్పుడు ఉండదు. ఆ చుట్టుపక్కల చేపల దొంగలందరికీ ఆ విద్య వచ్చు. నెస్టా వాళ్ళ నాన్న అందులో ఆరితేరినవాడు.

ఆమె ఒడ్డెక్కగానే అడ్డం వెళ్ళాడు.

"ఆంటీ, ఆ సంచిలో ఏముంది?"

"నా సంచిలో నాదే ఉంది. నువ్వు ముందు ఆ ముక్కు తుడుచుకో, గడ్డ కట్టేలా ఉంది," అని ఆమె ఆగకుండా వెళ్ళిపోయింది. చిన్నప్పుడు అతనికి గాలం విసరడం నేర్పింది ఆమే. సంచి లాక్కోవడానికి చెయ్యి రాలేదు. తన మీద తనకే ఒళ్ళు మండింది.

ఆ సాయంత్రం పబ్బు వెనకగదిలో క్లబ్బు సమావేశమైంది, నెస్టా కూడా వచ్చింది. నెస్టాకూ క్లబ్బుకూ అప్పటికే చెడింది. పిల్ల ట్రౌట్లను తెచ్చి ఏట్లో వదలడానికి క్లబ్బు ప్రభుత్వానికి అర్జీ పెట్టుకుంది, అనుమతి లేకుండా వదలడం నేరం కాబట్టి. జవాబు లేదు. అనుమతి వచ్చేసరికి ఏరు ఖాళీ అవుతుందని ఆమె అందరినీ కడిగిపారేసింది. ఓపిక పట్టమన్నారు. ఓపిక పట్టలేక ఉన్నవాటిని కూడా ఊడ్చుకుపోతోందని ఇద్వల్ ఇప్పుడు సాక్ష్యం చెప్పాడు.

అధ్యక్షుడు గెథిన్ గొంతు సవరించుకున్నాడు. సంచి తెరిచి చూపిస్తే సరే, లేకపోతే సభ్యత్వం కార్డు వదులుకోవాలన్నాడు. కార్డు లేకుండా మార్చి మూడున గాలం వేసే వీల్లేదు. పెళ్ళి కాకముందు నుంచీ ఆమె ఆ రోజు ఏటికి రావడం మానలేదు. భర్త పోయిన ఏడు కూడా మానలేదు.

నెస్టా కార్డు తీసి బల్లమీద పడేసింది. "ఇంద, ఉంచుకోండి. సంచి మాత్రం తెరవను."

"మార్చి మూడు మీకు అక్కర్లేదా ఆంటీ?" ఇద్వల్ అడిగాడు.

"ఎందుకక్కర్లేదు? ఏ ఏడాది మార్చో నువ్వు అడగలేదు."

గ్లాసులో బీరు చివరి చుక్క దాకా తాగి, టోపీ పెట్టుకుని, తలెత్తుకుని వెళ్ళిపోయింది. పెద్దతనంలో మతి పోయిందని ఎవరో అన్నారు.

కార్డు లేకపోయినా ఆమె వస్తుందని ఇద్వల్‌కు తెలుసు. ఈసారి ఆమె చెయ్యి నీళ్ళలో పెట్టకముందే పట్టుకోవాలనుకున్నాడు. మర్నాడు టీ కూడా మానేసి, ఎప్పుడూ లేనిది ఆమెకంటే ముందే వచ్చి, ఏటికి దిగే గట్టు మీద నిలబడ్డాడు.

నెస్టా వచ్చింది. భుజాన సంచి ఉంది. గాలపు కర్ర లేదు.

"తప్పుకో."

"కార్డు లేదు కదా ఆంటీ. దిగకూడదు."

"కార్డు లేదనే గాలం తేలేదు. నీళ్ళలో కాళ్ళు తడుపుకోవడానికి మీ గెథిన్ సెలవు నాకెందుకు?"

అప్పుడు చూశాడు. సంచి కారుతోంది. ఆమె ఇంకా ఏట్లో కాలే పెట్టలేదు.

ఇద్వల్ సంచి పట్టీ మీద చెయ్యి వేశాడు. నెస్టా గుంజుకోలేదు. అతని కళ్ళలోకి సూటిగా చూసింది.

"తెరువు. కానీ ఒకసారి చూశాక, నాకు తెలియదనడానికి నీకు వీలుండదు. నిన్న ఆ గదిలో ఉన్నవాళ్ళెవరికీ ఆ గతి పట్టకూడదనే తెరవలేదు. శిక్ష పడితే నా ఒక్కదానికే పడనీ. నాకేం భయం లేదు. చూడాలనుంటే ముందు ఆ బిళ్ళ తీసి జేబులో పెట్టుకో."

ఇద్వల్ బిళ్ళ తీసి జేబులో వేసుకుని, సంచి మూత ఎత్తాడు.

లోపల తడి నాచు పరుపు మీద, రెండేసి నల్లటి కళ్ళు తేలిన ట్రౌట్ గుడ్లు వందలకొద్దీ ఉన్నాయి. ఆ చలికాలమంతా నెస్టా ఏట్లోంచి ఒక్క చేపనూ తీయలేదు, బయటి నుంచి తెచ్చి రాళ్ళ మధ్య వాటిని నాటుతూ వచ్చింది.