పెట్టిన చీర

"పైన గదులన్నీ నిండిపోయాయి అత్తయ్యా, రిసెప్షన్ దాకా ఈ హాల్లోనే కాస్త సర్దుకో."

మా అమ్మాయి పెళ్లి భోజనాలు అప్పుడే అయ్యాయి. రిసెప్షన్ ఏడింటికి.

"నా సంగతి వదిలెయ్యవే, నేనేమన్నా పరాయిదాన్నా? మగపెళ్లివారిని చూసుకో," అంది మా మేనత్త శివపార్వతి. మైలవరంలో తెల్లారకుండానే బస్సెక్కి వచ్చిన మనిషి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఇంకో కుర్చీ మీద కాళ్లు చాపుకుంది.

ఏడింటికి అందరూ చీరలు మార్చుకుని మెరిసిపోతున్నారు. అత్తయ్య మాత్రం చెమటకి నలిగిన పొద్దుటి చీరలోనే ఉంది. నాకు ఒళ్లు మండింది.

"నేను పెట్టిన చీర కట్టుకోలేదేం? నచ్చలేదా?"

"నచ్చకపోవడమేంటే! బాత్‌రూములో నేలంతా తడి. జరీ పాడవుతుందని కవర్లోంచి తియ్యలేదు." ఒళ్లో ఉన్న సంచి నిమిరింది. "పైట జారుతోంది, పిన్నీసు ఉంటే ఇయ్యి. అవునూ, మగపెళ్లివారికి గదులు సరిపోయాయా?"

"సరిపోయాయి."

పిన్నీసు కోసం హ్యాండ్‌బ్యాగులో చెయ్యి పెట్టాను. మగపెళ్లివారిలో ఎవరైనా అడుగుతారేమోనని పొద్దున దాచిన ఏసీ గది తాళంచెయ్యి వేళ్లకి తగిలింది.

ఎవరూ అడగలేదు.