ఎలాదియో రంగులు

"నా రంగులెక్కడ పారేశావమ్మా?" కళ్ళు నులుముకుంటూ అడిగాడు ఎలాదియో.

సమార్ దీవి తీరంలోని ఆ వాతావరణ కేంద్రంలో కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించి, ఎవరి సెట్టింగుల ఫైలు వాళ్ళకి సరిచేసేసరికి ఫెలీసాకి ఓపిక అయిపోయింది. అతని పాత ఫైలు ఒక్కటే పక్కన పెట్టేసింది.

"వానపటం మీద ఆ నీలం, పసుపు జాతర ఇక చాలన్నా. అందరిలాగే నువ్వూ ఆకుపచ్చ, ఎరుపు చూడు."

అతను నవ్వలేదు. ఇంతలో రేవు నుంచి ఫోను. జనం ఎక్కి కూర్చున్నారు, జలసంధి దాటే లాంచీ వదలమంటారా అని.

ఎలాదియో తెరకేసి చాలాసేపు చూశాడు. ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి, "ఫెలీసా, జలసంధి మీదున్నది జల్లా, పెద్దవానా?" అన్నాడు మెల్లగా.

ముప్ఫై ఏళ్ళుగా వానల సంగతి చెబుతున్న మనిషి! వేళాకోళం ఆడబోయిన ఫెలీసా అతని ముఖం చూసి ఆగిపోయింది. తెర మీద ఆకుపచ్చ నడుమ జలసంధి పొడవునా ఎరుపే.

"పెద్దవానే అన్నా."

"లాంచీ కదలొద్దు," అని చెప్పి అతను ఫోను పెట్టేశాడు. "ఎరుపేదో ఆకుపచ్చేదో తెలియనివాణ్ణి ఇక్కడ ఉంచరు. పైవాళ్ళకి చెప్తావా?"

ఆమె అతని పాత ఫైలు తిరిగి పెట్టింది. నీలం నడుమ పసుపు వెలిగింది. తర్వాత తన పేరు మీదున్న ఫైలు తెరిచి అందులోనూ అవే రంగులు పెట్టుకుంది.

"నీకెందుకమ్మా ఈ జాతర?"

"ఒక్కరికుంటే లోపమంటారన్నా, ఇద్దరికుంటే సరదా అంటారు. లే, కాఫీ తాగొద్దాం."